ప్లాట్ల యాదగిరి కోర్సు ఎంచుకున్న వైనం

యాదగిరి ప్లాట్లు అమ్మడం మానేసింది మనస్సాక్షి మేలుకొని కాదు, ఫోన్ మోగడం ఆగిపోయి. ఈ సంగతి ముందే చెప్పేసుకోవడం మంచిది. నలభైకి దగ్గరపడ్డ మనిషి పని మార్చుకున్నాడంటే చాలు, వెనక ఏదో జ్ఞానోదయం ఉందని వెతికే అలవాటు మనది. శామీర్‌పేట చుట్టుపక్కల పదిహేనేళ్లు వెంచర్లు అమ్మిన యాదగిరికి అలాంటిదేమీ కలగలేదు. మార్కెట్ పడుకుంది, ఆయన లేచాడు. అంతే.

పూర్తిగా ఆగిపోయిందనడం కూడా సరికాదు. ఒక్క ఫోన్ మాత్రం క్రమం తప్పకుండా మోగేది. అది అన్వేష్‌ది. కండ్లకోయ ఐటీ పార్కులో ఉద్యోగం చేసే ఈ అన్వేష్ రెండేళ్ల కింద యాదగిరి దగ్గర ప్లాటు కొన్నాడు. బ్రోచర్‌లో ఆ ప్లాటు ముందు నలభై అడుగుల తారు రోడ్డు, రోడ్డుకిరువైపులా ఈతచెట్లు, చెట్ల కింద సైకిల్ తొక్కుతున్న పిల్ల ఉన్నాయి. అక్కడికి పోయి చూస్తే సర్కారు తుమ్మలు, వాన పడితే మోకాలి లోతు బురద. అన్వేష్ ప్రతి శనివారం వెళ్లి ఆ బురదను చూసుకుని, తిరుగుదారిలో ఫోన్ చేసి అరిచేవాడు. యాదగిరి ప్రతి శనివారం ఎత్తేవాడు. ఆ వృత్తిలో అది అరుదు. ప్లాటు అమ్మాక ఫోన్ నెంబరు మార్చేవాళ్లున్నారు, ఊరు మార్చేవాళ్లున్నారు. యాదగిరి గొప్పతనమల్లా ఫోన్ ఎత్తి, చివరిదాకా విని, "మీరు చెప్పింది కరెక్టే సార్" అనడం.

ఫిబ్రవరిలో ఒక శనివారం అన్వేష్ అరవలేదు.

"యాదగిరన్నా, ఒక మాటడుగుత. ఇప్పుడేం జేస్తున్నవ్?"

"ఏమున్నది సార్, మీ రోడ్డు పని మీదనే తిరుగుతున్న."

"రోడ్డు ముచ్చట ఇడిసిపెట్టే. అది పడదని నాకెర్కనే. కానీ నీతోని మాట్లాడి ఫోన్ పెట్టేసినంక రోడ్డు పడ్డట్టే అనిపిస్తదన్నా. గదెట్ల జేస్తవ్?"

అది తిట్టో మెచ్చుకోలో తేల్చుకోలేక యాదగిరి నవ్వాడు. అన్వేష్ అడిగింది నిజంగానే తెలుసుకుందామని. ఆయన నడిపేది కంప్యూటర్ సపోర్ట్ డెస్కు. ఎక్కడెక్కడి ఆఫీసుల వాళ్లో ఫోన్ చేసి, కంప్యూటర్ తెరుచుకోవడం లేదనీ, ప్రింటర్ మింగిన కాగితం కక్కడం లేదనీ, పాస్‌వర్డ్ మరిచిపోయామనీ మొత్తుకుంటే, విని, దారి చెప్పే పని. ఆ డెస్కు మీది కుర్రాళ్లకు కంప్యూటర్లతో పేచీ లేదు. మనుషులతోనే. అవతలివాడు గొంతు పెంచితే వీళ్లూ పెంచుతారు, ఇద్దరూ అరుచుకుంటూ ఉండగా ప్రింటర్ అలాగే పడి ఉంటుంది.

"జులైల ఇద్దర్ని తీస్కుంటున్నం," అన్నాడు అన్వేష్. "డిగ్రీ ఏదున్నా నడుస్తది. కానీ సిస్టం గురించి ఓనమాలన్నా రావాలె, టెస్టు పెడ్తరు. యాడనన్న మంచి కోర్సు జేసి రా. నాలుగు నెలలకు పైనే ఉన్నది."

యాదగిరికి ఎప్పటిదో బీకాం ఉంది. కంప్యూటర్ మాత్రం వెంచర్ ఆఫీసులో ఒకటి ఉండేది, దాని మీద అగర్‌బత్తి స్టాండు పెట్టేవాళ్లు. నాలుగు నెలలంటే ఒక్క కోర్సు. తప్పుడు కోర్సులో పడితే రెండోది చేసే వ్యవధి లేదు. జులై దాటిపోతే ఇక మిగిలింది దూలపల్లిలో బావమరిది చూపించే గోదాం ఉద్యోగం. అందులో పెద్ద కష్టమేమీ లేదు. గేటు దగ్గర కూర్చుని లారీల నెంబర్లు రాసుకోవాలి, బావమరిదిని సార్ అనాలి. మొదటిది యాదగిరి చేయగలడు.

కాబట్టి కోర్సు ఎంచుకోవాలి. యాదగిరికి దేన్నైనా ఎంచుకోవడం ఒక్క తీరుగానే తెలుసు, ప్లాటును ఎంచుకునే తీరుగా. ఇందులో నవ్వడానికేం లేదు. కోర్సుకూ ప్లాటుకూ పోలికలు చాలానే ఉన్నాయి. రెండింటిలోనూ ముందు చూపించేది బొమ్మ. రెండింటిలోనూ అభివృద్ధి వచ్చే రెండేళ్లలో జరుగుతుంది. రెండింటినీ అమ్మేవాడు అందులో ఉండడు.

తెల్ల చొక్కా వేసుకుని, సైట్ విజిట్‌కు పోయినట్టే, సుచిత్ర వైపున్న ఒక పెద్ద ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాడు. నాలుగంతస్తుల అద్దాల భవనం. ద్వారం తూర్పుకుంది, మెట్లు ఆగ్నేయాన ఉన్నాయి, ఈశాన్యం ఖాళీగా వదిలారు. చదువు గురించి ఇంకా ఒక్క ముక్క వినకముందే ఆయనకు సగం నమ్మకం కుదిరింది. లోపల వంశీ అనే కౌన్సెలర్ కాఫీ ఇచ్చి, ఐదు నిమిషాల వీడియో చూపించాడు. వీడియోలో అందరూ అద్దాల గదుల్లో నడుస్తూ నవ్వుతున్నారు. ఎవరి కంప్యూటరూ చెడిపోలేదు.

"మీ ప్రొఫైల్‌కి ఫుల్‌స్టాక్ విత్ క్లౌడ్ విత్ ఏఐ పర్ఫెక్ట్ సార్."

"నాకు కంప్యూటర్ ఖరాబైతే బాగు జేసుడు గావాలె తమ్మీ."

"అది అందులో ఇన్‌క్లూడెడ్ సార్."

"మల్ల ఫోన్ల మాట్లాడుడు?"

"అది కూడా ఇన్‌క్లూడెడ్."

ఈ మాట తను ఎక్కడో విన్నానని యాదగిరికి లీలగా తోచింది. క్లబ్‌హౌస్ ఇన్‌క్లూడెడ్, ఈతకొలను ఇన్‌క్లూడెడ్ అని ఎవరో ఎవరితోనో అంటూ ఉండేవారు. ఆ ఎవరో ఎవరన్నది గుర్తు తెచ్చుకునేలోపు ఆయన కళ్లు వంశీ వెనక గోడ మీద పడ్డాయి. అక్కడ పెద్ద బోర్డు. బోర్డు మీద వరసలుగా ముప్పై కుర్చీల బొమ్మలు. ఇరవై ఎనిమిది కుర్చీల మీద ఎర్రటి గుండ్రటి స్టిక్కర్లు. రెండు ఖాళీ.

"సోమవారం బ్యాచ్ సార్," అన్నాడు వంశీ, బోర్డు వైపు చూడకుండానే.

బండి మీద శామీర్‌పేట చేరేదాకా యాదగిరికి ఆ రెండు కుర్చీలే కనిపించాయి. ఇంటికొచ్చేసరికి భార్య లత గడప దగ్గర కూర్చుని బీరకాయలు చెక్కుతోంది.

"లతా, జల్దీ జెయ్యాలె. ముప్పైల రెండే సీట్లు మిగిలినయ్. సోమారం లోపల ఖతం."

"ఎవరు జెప్పిన్రు?"

"చెప్పుడేంది, కండ్లార జూసిన. బోర్డు మీద ఎర్ర స్టిక్కర్లు అంటించి పెట్టిన్రు."

లత చేతిలో బీరకాయ ఆగింది. "ఎర్ర స్టిక్కర్లా? గుండ్రంగ, రూపాయి బిళ్లంత?"

"ఆ."

"గవి మన బీర్వాల ఎన్ని ప్యాకెట్లున్నయో ఎర్కేనా నీకు?"

యాదగిరి చెప్పులు విప్పబోతున్నవాడు ఒక కాలి మీదే నిలబడిపోయాడు.

"వెంచర్ ఓపెనింగ్ ముంగటి దినం బోర్డు మీద అంటించిందెవరు? నేనే గదా! ఒక్క ప్లాటు అమ్ముడువోక ముందే ఎనభై అంటిస్తిమి. వేళ్లకు జిగురు వారం దినాలు పోలే. మూడేండ్ల సంది మనకాడ గూడ రెండే మిగిలినయ్, కార్నర్ బిట్లు." ఆమె మళ్లీ చెక్కడం మొదలుపెట్టింది. "పో, సోమారం లోపల పో. మల్ల దొరకయ్."

పదిహేనేళ్లు ఇతరుల మీద పన్నిన వలలోకి తనంతట తాను నడిచిపోయి పడ్డ మనిషికి సిగ్గు కలగాలి. కలిగింది కూడా, ఒక పూట. ఆ తర్వాత వృత్తిపరమైన మెచ్చుకోలు మొదలైంది. "ఏమన్నను గానీ, పోరడు లైను తప్పకుండ మంచిగ అంటించిండు," అన్నాడు అన్నం తింటూ.

ఇక రెండో పద్ధతి. ప్లాట్ల వ్యాపారంలో పక్క వెంచర్ లోగుట్టు తెలుసుకోవాలంటే మన మనిషినే కొనేవాడిలా తయారుచేసి పంపుతారు. వాడు కారు దిగి, మట్టి గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి, భార్యకు ఫోన్ చేసినట్టు నటించి, లోపలి కబుర్లన్నీ లాక్కొస్తాడు. యాదగిరికి ఆ పనిలో ఆస్థాన నటుడు పార్ట్‌నర్ బాలనర్సయ్య. యాభై రెండేళ్ల మనిషి, గంభీరమైన మీసం. ఆయన ఒకప్పుడు విల్లాలు కొంటానని తిరిగి నాలుగు కంపెనీల చేత బిర్యానీలు పెట్టించుకున్నాడు. ఒక్కచోటా సంతకం పెట్టలేదు. అలాంటి వాడిని యాదగిరి మూడు ఇన్‌స్టిట్యూట్ల మీదికి వదిలాడు. "ఏం నేర్పుతరు, ఎవరు నేర్పుతరు, మిషన్లు ఇప్పి చూపిస్తరా లేదా, గంతే అడుగు," అని పాఠం చెప్పి మరీ పంపాడు.

రెండ్రోజుల తర్వాత శామీర్‌పేట చెరువు దగ్గర చేపల వేపుడు బండి కాడ కలుసుకున్నారు. బాలనర్సయ్య భుజానికి నల్లటి కొత్త బ్యాగు వేలాడుతోంది. చొక్కా కింద ఇంకేదో టీషర్టు మెడ దగ్గర నీలంగా తొంగిచూస్తోంది.

"ఏందన్నా గా బ్యాగు?"

"ఇచ్చిన్రు తమ్మీ."

"ఊకెనే ఇచ్చిన్రా?"

బాలనర్సయ్య చేపముక్కలో ముల్లు తీయడంలో మునిగిపోయాడు. ఆ ముక్కకు అంత ముల్లు లేదు. "చేరిన," అన్నాడు చివరికి.

"ఏంట్ల చేరినవ్?"

"డేటా సైన్సుల."

"అన్నా! నీకు వాట్సాపుల ఫొటో పంపుడు గూడ రాదు!"

"గందుకే చేరిన. మొదటి సంది నేర్పిస్తరట." ఆయన కళ్లలో ఏదో మెత్తదనం వచ్చింది. "గాడున్న పిల్ల ఎంత మంచిగ మాట్లాడిందనుకున్నవ్ తమ్మీ. 'అంకుల్, మీ వయసే మీ బలం' అన్నది. నా వయసు గురించి ఇన్నేండ్లల్ల ఒక్కలన్నా గంత మంచి మాటన్నరా? మా ఇంట్ల అన్నరా? నువ్వన్నవా?"

"మరి నేను పంపిన పని?"

"ఏం పని?" అన్నాడు బాలనర్సయ్య.

ఇలా మూడు వారాలు గడిచాయి. మార్చి సగం దాటింది. అన్వేష్ చెప్పిన నాలుగు నెలల్లో ఇప్పుడు మూడున్నరే మిగిలాయి. బావమరిది ఒకసారి ఫోన్ చేసి, గోదాం గేటు దగ్గర కొత్త ఫ్యాను పెట్టించామని తియ్యగా చెప్పాడు.

అప్పుడు యాదగిరికి మూడో పద్ధతి గుర్తొచ్చింది. ఇది అమ్మేవాళ్ల పద్ధతి కాదు, అమ్మేవాళ్లు భయపడే పద్ధతి. ప్రతి వెంచర్లోనూ తొందరపడి ఇల్లు కట్టుకున్న కుటుంబం ఒకటి ఉంటుంది. తెలివైనవాడు బోర్డు చూడడు, బ్రోచర్ చదవడు. కారు పక్కకాపి ఆ ఒక్క ఇంటి తలుపు తట్టి మంచినీళ్లు అడుగుతాడు. నీళ్లతో పాటు బోరు ఎండిన సంగతి, కరెంటు పోయే సంగతి, పాములు తిరిగే సంగతి అన్నీ వస్తాయి. పదిహేనేళ్లూ యాదగిరి కస్టమర్ల కారును ఆ ఇంటివైపు పోనీయకుండా చుట్టుతిప్పి తీసుకుపోయాడు. ఇప్పుడు తనే ఆ ఇంటి తలుపు తట్టాడు. అంటే, అన్వేష్‌కు ఫోన్ చేశాడు.

"సార్, మీ డెస్కు మీద మంచిగ పనిజేసేటోళ్లు యాడ నేర్చుకున్నరు?"

"గీ మాట మొదలే అడగొద్దా అన్నా? మూడు వారాలాయె!"

"మీరన్న మొదలే చెప్పొద్దా సార్?"

"నువ్వు రోడ్డు గురించి మొదలే చెప్పినవా?"

అన్వేష్ నవ్వి చెప్పాడు. డెస్కు మీద అందరికన్నా నెమ్మదస్తులు ఇద్దరున్నారు, ఇద్దరూ మేడ్చల్‌లో మనోరమ మేడం దగ్గర నేర్చుకున్నవాళ్లే. బస్టాండు దాటాక విత్తనాలు, ఎరువుల దుకాణం మీద.

ఆ దుకాణం ముందు నుంచి యాదగిరి మూడుసార్లు పోయాడు, వచ్చాడు. పైన బోర్డు లేదు. హైవే పొడవునా హోర్డింగులు నిలబెట్టిన మనిషికి బోర్డు లేని చోటు చోటే కాదు. చివరికి ఎరువుల దుకాణం వాడే "కంప్యూటరమ్మ కాడికా? గటు మెట్లు," అన్నాడు. మెట్ల మీద పురుగుమందు వాసన. పైన ఒక పొడుగాటి గది, బల్ల మీద పొట్టలు విప్పిన కంప్యూటర్లు, చుట్టూ స్టూళ్ల మీద ఆరుగురు. ముక్కుకు చున్నీ కట్టుకున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి అశ్రిత, బ్లోయర్‌తో ఒక డబ్బాలోని దుమ్మును ఊదుతోంది. ఆ దుమ్మంతా వచ్చి యాదగిరి తెల్ల చొక్కా మీద వాలింది.

"సారీ అంకుల్," అంది అశ్రిత, ఇంకొంచెం ఊది.

మనోరమకు యాభై అయిదు దాటి ఉంటాయి. జీడిమెట్లలో ఒక కంపెనీ కంప్యూటర్ గదిలో ఇరవయ్యేళ్లు చేసి, వాళ్లు ఆ గది ఎత్తేశాక ఇక్కడికొచ్చింది. మేడ్చల్, శామీర్‌పేటల్లో బళ్లు, దవాఖానాలు, రైస్ మిల్లుల కంప్యూటర్లు ఆమే చూస్తుంది. వచ్చే ఫోన్లు ఎత్తడానికి మనుషులు కావాలి గనక నేర్పడం మొదలుపెట్టింది.

యాదగిరి తన ప్రశ్నలు బయటికి తీశాడు. "ఎన్ని సీట్లున్నయ్ మేడం?"

"ఎన్ని స్టూళ్లుంటే అన్ని. ఆరున్నయ్, ఆరు నిండినయ్. మీరొస్తే ఇంకోటి మీరే తెచ్చుకోండ్రి."

"సర్టిఫికెట్ ఇస్తరా?"

"ఇస్త. మా ప్రింటర్ బాగైనంక."

"జాబ్ గ్యారంటీ?"

"లేదు."

యాదగిరి ఇబ్బందిగా కదిలాడు. నిజాయితీ ఎదురైతే మనసు కరిగిపోతుందని కొందరు రాస్తుంటారు. యాదగిరికి అనుమానమే కలిగింది. అమ్మజూపేవాళ్లను ఎలా నమ్మాలో, ఎంతవరకు నమ్మాలో ఆయనకు తెలుసు. అమ్మనివాళ్లను ఏం చేసుకోవాలో తెలియదు.

"రేపు పొద్దుగాల వచ్చి ఫోన్ కాడ కూసోండ్రి," అంది మనోరమ. "మీకు నచ్చితే చేరుండ్రి. నాక్కూడ నచ్చాలె."

మర్నాడు తొమ్మిదింటికి మొదటి ఫోన్ మోగింది. శామీర్‌పేటలో ఒక ప్రైవేటు బడి క్లర్కు పార్వతీదేవి.

"మనోరమ లేదా? నువ్వెవరయ్యా?"

"నమస్తే మేడం, యాదగిరిని. చెప్పుండ్రి, మీ మాట వినేతందుకే కూసున్న."

పార్వతీదేవి చెప్పింది. పిల్లల హాజరు పదింటిలోపు వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదు. ఏది తెరిచినా ఎర్ర అక్షరాల్లో ఏదో బెదిరిస్తోంది. హెడ్మాస్టరు తనమీద పడి ఏడుస్తున్నాడు. ఈ కంప్యూటర్ కన్నా రిజిస్టరే నయం. తను బీఈడీ చేసి ఉంటే ఈ కర్మ పట్టేది కాదు. యాదగిరి ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆరు నిమిషాలూ వింటూ, మధ్యమధ్య "అయ్యో" అని, సరిగ్గా ఎక్కడ అనాలో అక్కడ అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి చూస్తున్నారు. పార్వతీదేవి గొంతు దిగింది, నిట్టూర్చింది, మెత్తబడింది.

"పరేషాన్ గాకుండ్రి మేడం," అన్నాడు యాదగిరి. "ఐదు నిమిషాలు. మా మనిషి ఆల్రెడీ దారిల ఉన్నడు."

ఫోన్ పెట్టి, మెప్పు కోసం తల తిప్పాడు.

"మస్తు విన్నరు," అంది మనోరమ. "దారిల ఉన్నదెవరు?"

"ఎవరు మేడం?"

"మీరే అన్నరు గదా, మనిషి దారిల ఉన్నడని."

యాదగిరికి ఈ ప్రశ్న ఎదురవడం ఇదే మొదలు. వెంచర్ల వ్యాపారంలో మనిషి ఎప్పుడూ దారిలోనే ఉంటాడు. సర్వేయరు దారిలో ఉంటాడు, తారు లారీ దారిలో ఉంటుంది, కరెంటు స్తంభాలు దారిలో ఉంటాయి. అదొక మర్యాద వాక్యం, నమస్తే లాంటిది. నమస్తే అన్నవాడిని పట్టుకుని ఆ నమస్తే ఏదీ, ఎక్కడ పెట్టావని ఎవరూ అడగరు.

"అది... మాట వరసకన్న మేడం."

"మాట వరసకు వెబ్‌సైట్ తెర్సుకుంటదా? లేవండ్రి. గా మనిషి మీరే." ఆమె హెల్మెట్ చేతికిచ్చింది. వెనకాల అశ్రిత చున్నీలో నవ్వింది.

మనోరమ స్కూటీ వెనక కూర్చుని యాదగిరి శామీర్‌పేట వైపు బయల్దేరాడు. దారి పొడవునా తను అమ్మిన ప్లాట్లే. బడిలోకి అడుగుపెట్టేసరికి తొమ్మిది నలభై అయిదు. పార్వతీదేవి గోడ గడియారం కింద చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఐదు నిమిషాలన్న మనిషెవరు?"

ప్లాట్ల వ్యాపారంలో ఐదు నిమిషాలు అని చెప్పే నోరు ఒకచోట, ఎదురుచూసే ముఖం ఇంకోచోట ఉంటాయి. ఆ రెండూ ఒకే గదిలోకి రాకుండా చూసుకోవడంలోనే ఆ వ్యాపారం కిటుకంతా ఉంది. యాదగిరి చుట్టూ చూశాడు. వేరే మనిషి ఎవరూ లేరు.

"నేనే మేడం."

"నీ ఐదు నిమిషాలు గివేనా? నీ గడియారం నాగ్గూడ కావాలె, యాడ దొరుకుతదో చెప్పు. రిటైరయ్యే దాంక గదే పెట్టుకుంట."

మనోరమ కంప్యూటర్ ముట్టుకోలేదు. యాదగిరిని ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. "ఏం కనవడ్తుందో చెప్పుండ్రి. ఏమై ఉంటదో చెప్పొద్దు, కనవడేదే."

కనబడేదంతా ఇంగ్లీషు హెచ్చరిక. భద్రత అంటుంది, నమ్మకం లేదంటుంది, వెనక్కి పొమ్మంటుంది. యాదగిరికి అది ముక్క అర్థం కాలేదు. కానీ ఏ కాగితం చేతికొచ్చినా ముందు తారీఖు చూసే కన్ను ఆయనది. స్టాంపు పేపరు కొన్న తారీఖు, సంతకం పెట్టిన తారీఖు కలవకపోతే ఆ డాక్యుమెంటులో పాము ఉన్నట్టే. ఆ కన్ను దానంతట అదే తెర కింద కుడి మూలకు పోయింది.

"తారీఖు తప్పున్నది మేడం. గీ కంప్యూటర్ ఇంకా రెండువేల తొమ్మిది జనవరిల్నే ఉన్నది."

పార్వతీదేవి వంగి చూసింది. "అవు గదా! గందుకేనా తెర్సుకుంటలేదు?"

యాదగిరి నోరు తెరిచాడు. "హండ్రెడ్ పర్సెంట్ మేడం" అన్న మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఎన్ని వందలసార్లు అన్న మాటో, దానికి దారి అలవాటే. కానీ ఆ మాట అన్నాక పోవడానికి కారు లేదు, పక్క గది లేదు, వెనకాల మనోరమ ఉంది.

"తెల్వదు మేడం," అన్నాడు.

"తెల్వదా! తెల్వనోన్ని తోల్కొచ్చినవా మనోరమా?"

నిజం చెప్పగానే అవతలివాళ్ల ముఖాలు వికసిస్తాయని బోధించేవాళ్లు, పదింటి గడువు నెత్తిన ఉన్న క్లర్కుకు ఎప్పుడూ నిజం చెప్పి ఉండరు. యాదగిరి చెవులు ఎర్రబడ్డాయి. పదిహేనేళ్లలో ఒక్క కస్టమరూ ఆయన్ని అంత తీసిపారేసినట్టు చూడలేదు. రోడ్డు లేని వాళ్లు కూడా.

మనోరమ డబ్బా విప్పి లోపలి నుంచి చేతిగడియారపు బ్యాటరీ లాంటి చిన్న బిళ్ల తీసి ఆయన అరచేతిలో పెట్టింది. కరెంటు లేనప్పుడు కూడా కంప్యూటర్ టైము మరిచిపోకుండా చూసేది ఇదేననీ, ఇది చచ్చిపోతే కంప్యూటర్ పొద్దున లేచి తను ఏ సంవత్సరంలో ఉందో తెలియక పాత తారీఖు వేసుకుంటుందనీ, తారీఖు కలవకపోతే వెబ్‌సైట్లను నమ్మదనీ చెప్పింది.

"అంటే, కాగితాల తారీఖు కలవకపోతే రిజిస్ట్రార్ పక్కన వెట్టినట్టు?"

"గట్లనే."

కొత్త బిళ్ల వేసి, తారీఖు దిద్దారు. వెబ్‌సైట్ తెరుచుకుంది. పదికి నాలుగు నిమిషాలుంది. పార్వతీదేవి థాంక్స్ మనోరమకు చెప్పి, యాదగిరి వైపు గడియారాన్ని చూసినట్టు చూసి, హాజరు ఎక్కించడంలో పడింది.

బడి గేటు బయట యాదగిరి ఆగాడు. "మేడం, ఒక్క మాట. జులైల టెస్టున్నది. నాకున్నది గా ఒక్క చాన్సే. గప్పటి వరకు నాకొస్తదా?"

"తెల్వదు."

"సుచిత్ర కాడోళ్లు గ్యారంటీ అంటున్నరు."

"గాడికే పోండ్రి మరి." ఆమె హెల్మెట్ పెట్టుకుంది. బకిలు బిగించాక, కొంచెం ఆలోచించి చెప్పింది. "మీకు విననీకి వస్తది. చూడనీకి సగం వస్తది. మిగిలింది ఎన్ని మిషన్లు ఇప్పుతరో దాన్ని బట్టి. రోజు తొమ్మిదింటికి రావాలె. లేటైతే లేటని చెప్పుండ్రి, దారిల ఉన్న అంటే మాత్రం గాదినం ఇంటికి తోలిస్త."

యాదగిరికి ఆమె చెప్పినవాటిలో ఏదీ నచ్చలేదు. అయినా ఆలోచించాడు. అద్దాల భవనంలో ఆయన్ని రెండు గంటలు కూర్చోబెట్టి, ఆయనకు ఏం వచ్చో, ఏం రాదో ఒక్కరూ చెప్పలేదు. ఇక్కడ ఒక పూటలో ఇద్దరు ఆడవాళ్లు చెప్పారు, అందులో ఒకామె తిట్టి మరీ చెప్పింది. మర్నాడు వెంచర్ ఆఫీసు నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ బండికి కట్టుకుని మేడ్చల్ పోయాడు. వీపు మీద ఇంకా వెంచర్ పేరు అచ్చు వేసి ఉన్న కుర్చీ. ఏడో సీటు.

ఆ తర్వాతి మూడు నెలలూ పెద్ద వైభవంగా ఏమీ గడవలేదు. యాదగిరి వేళ్లు లావు, స్క్రూలు చిన్నవి. ఒకరోజు బిగించాల్సిన దాని కన్నా ఒక స్క్రూ ఎక్కువ మిగిలింది, అది ఎక్కడిదో అశ్రితే కనిపెట్టింది. "అంకుల్, గిదేంది?" అని ఆమె ఒక్కొక్క భాగం చూపించి అడిగేది, చెప్పలేకపోతే టీ తేవాలి. ఏప్రిల్‌ అంతా యాదగిరే టీ తెచ్చాడు. మేలో వారానికి మూడు రోజులు తెచ్చాడు. ఒకసారి మాత్రం మనోరమ ఇంటికి తోలేసింది, అల్వాల్ నుంచి ఫోన్ చేసి మేడ్చల్ చెక్‌పోస్టు దాటానన్నందుకు. ఆ రోజు లత తలుపు తీసి, టైము చూసి, "సీట్లు అయిపోయినయా?" అని మాత్రం అడిగింది.

జులైలో కండ్లకోయలో పరీక్ష. పద్దెనిమిది మంది వచ్చారు. రాత పరీక్షలో యాదగిరికి పదకొండో స్థానం. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ ఇచ్చి, అద్దం అవతల గదిలో నుంచి కంపెనీ మనిషి కోపిష్టి కస్టమర్‌లా మాట్లాడాడు. అన్వేష్‌ను ఆ గదిలోకి రానివ్వలేదు. అవతలి మనిషి తొమ్మిది నిమిషాలు అరిచి అరిచి, మధ్యలో తనే మంచినీళ్లు తాగాడు. యాదగిరి విన్నాడు. తెర మీద ఏముందో చదవమన్నాడు, చదివించి రాసుకున్నాడు.

"అయితే ఎంతసేపు పడుతుంది?" అన్నాడు అవతలి మనిషి. "ఐదు నిమిషాల్లో అవుతుందా, లేదా?"

"గాదు సార్. ఇరవై పట్టొచ్చు. ఎక్కువ పట్టేటట్టుంటే నేనే ముందు ఫోన్ జేసి చెప్త."

సాయంత్రం జాబితా పెట్టారు. మొదటి పేరు అశ్రిత. రెండోది యాదగిరి, ఆరు నెలలు పని చూసి ఉంచుకుంటామన్న షరతు మీద.

ఇప్పుడాయన డెస్కు మీద మూడో నెల. అశ్రితదే పక్క సీటు, అప్పుడే షిఫ్టుకు పెద్ద కూడా ఆమే అయింది. టీకి లేవాలంటే ఆమెను అడగాలి. మొన్న ఒక మందుల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. లేబుళ్లు అచ్చు కావడం లేదు, లారీ బయట నిలబడి ఉంది. యాదగిరి విని, అరగంట అన్నాడు. ఇరవై అయిదు నిమిషాలైనా పని తెమలలేదు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, అవతలివాళ్ల నెంబరు తనే కొట్టి, "సార్, ఇంకో పదిహేను నిమిషాలు పడ్తది" అని చెప్పాడు. అవతలి మనిషి యాదగిరి తాతముత్తాతల దాకా పోయి వచ్చాడు. యాదగిరి చివరిదాకా విన్నాడు.

"మీరు చెప్పింది కరెక్టే సార్," అని ఫోన్ పెట్టి, మళ్లీ ప్రింటర్ సంగతి చూశాడు.